అయ్యవారి బెత్తం నుంచి పోలీసు ఠాణా దాకా



మన పల్లెల్లో వెనకటికి ఒక మాట ఉండేది. పిల్లవాణ్ణి మొదటిసారి బడిలో వదిలిపెడుతూ తండ్రి అయ్యవారితో అనేవాడు: "సామీ, కండ్లు రెండూ నాకు వదిలిపెట్టు. తోలు నీ ఇష్టం." నవ్వుతూ అన్నమాటే. కాని అందులో ఒక ఒప్పందం ఉంది. కొట్టే అధికారాన్ని తండ్రి అయ్యవారికి అప్పగించాడు. ఎంతవరకు కొట్టవచ్చో హద్దు కూడా ఆయనే గీశాడు. ఈ ఒప్పందంలో ఒక్కరిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తోలు ఎవరిదో, ఆ పిల్లవాణ్ణి.

ఇప్పుడు ఇంకొక దృశ్యం ఊహించుకోండి. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, రాయచెర్లు లాంటి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లవాడు చొక్కా విప్పడానికి వెనకాడుతున్నాడు. తల్లి బలవంతంగా విప్పి చూస్తే వీపు మీద వాతలు. ఫోనులో ఫోటో తీశారు. మామ వచ్చాడు, పక్కింటివాళ్లు వచ్చారు. "రేప్పొద్దున బడికి పోయి అడుగుదాం" అని ఒకరంటే, "అడిగేదేముంది, స్టేషన్‌కి పదండి" అని ఇంకొకరు. మర్నాడు అయ్యవారు బడి గేటు దగ్గర నిలబడి, పోలీసు జీపు కోసమా, పిల్లల కోసమా అన్నట్టు దారివైపు చూస్తున్నాడు.

ఈ రెండు దృశ్యాల మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. బడికీ ఇంటికీ మధ్య తగాదా కొత్తది కాదు. దానిలోకి పోలీసు ఎలా వచ్చాడు, ఎందుకు వచ్చాడు, వచ్చాక పిల్లవాడికి ఏం జరుగుతుంది? ఈ పూట ఆ సంగతులు చెప్పుకుందాం.

మొదట మన చుట్టుపక్కలే ఉన్న పాత బడుల్ని చూద్దాం. పావగడ మైసూరు సంస్థానంలో ఉండేది. దానికి చుట్టూ ఉన్న మడకశిర, పెనుకొండ, హిందూపురం సీమలు అప్పట్లో కుంపిణీవారి బళ్లారి జిల్లాలోవి. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది 1882లో. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో, జిల్లాల్లో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని కలెక్టర్లందరినీ లెక్కలడిగాడు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈ కాంబెల్ మనకు కొత్తవాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేయించినవాడే.

ఆయన లెక్క ప్రకారం బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. సగటున బడికి పన్నెండు మంది. ఆడపిల్లలు జిల్లా మొత్తం మీద 60 మందే. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. అంటే ఈ సీమలో రెండు భాషలూ పక్కపక్కనే అరుగుల మీద కూర్చుని చదువుకున్నాయి. ఈ సంగతి రాయచెర్లువాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు.

కాంబెల్ లెక్కలతో ఆగలేదు. బడి ఎలా నడుస్తుందో కూడా రాశాడు. తెల్లవారి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, గౌరవంగా. రెండోవాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తరవాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. పన్నెండో పిల్లవాడి సంగతి మీరే లెక్క వేసుకోండి. చదవని పిల్లవాడికి బెత్తం దెబ్బలు. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం. కూర్చుని లేవడం, కూర్చుని లేవడం. ఈ రెండింటినీ మన పెద్దలు కోదండం, గుంజిళ్లు అన్నారు. గుంజిళ్లు చాలా బాధాకరమే గాని ఒంటికి మంచిదేమో అని కాంబెల్ ఒక వ్యాఖ్య కూడా చేశాడు. దొర చేత గుంజిళ్లు తీయించి ఉంటే ఆ వ్యాఖ్య చేసేవాడో లేదో!

ఇంత కఠినమైన బడిలో తండ్రికీ అయ్యవారికీ తగాదాలు రాలేదా అంటే, రాకుండా ఎలా ఉంటాయి? వచ్చినా ఊళ్లోనే తేలిపోయేవి. కారణం డబ్బులో ఉంది. ఆ అయ్యవారికి సర్కారు జీతం లేదు. మొదట్లో నెలకు పావలా, కాగితం మీద రాయడం, పై లెక్కలు చేయడం దాకా వస్తే అర్ధరూపాయి చొప్పున తల్లిదండ్రులే ఇచ్చేవారని కాంబెల్ రాశాడు. పిల్లవాణ్ణి మరీ కొడితే మాన్పించవచ్చు. మాన్పిస్తే అయ్యవారి పొయ్యి చల్లబడుతుంది. ఆయన ఉండేదీ అదే ఊళ్లో, ఆయన్ని కడిగేవాళ్లూ అదే రచ్చబండ మీద. అయ్యవారి చేతిలో బెత్తం ఉంటే తండ్రి చేతిలో పావలా ఉంది. రెండూ సమానం కాకపోయినా తూకం కొంత నిలబడేది.

ఈ ఏర్పాటును మరీ పొగడవద్దు. ఆ అరుగు మీద అందరికీ చోటు లేదు. పావలా ఇవ్వలేనివాడు బయటే. అంటరానితనం పేరుతో వెలివేసిన కులాల పిల్లలు అరుగుకే కాదు, వీధికే బయట. వాళ్ల తండ్రులకు అయ్యవారితో తగాదా పడే అవకాశం కూడా లేకపోయింది. తగాదా పడాలన్నా ముందు లోపలికి రానివ్వాలి కదా.

తరవాత బడి ఊరి చేతుల్లోంచి జారడం మొదలైంది. తెలుగుసీమలో దీనికి తొలి పెద్ద గుర్తు మచిలీపట్నం. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. ఊరి పెద్ద కుటుంబాలవాళ్లు, ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుందని పిల్లల్ని పంపారు. 1852లో ఇద్దరు విద్యార్థులు, మంచాల రత్నం, అయినాల భూషణం, క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరు అల్లకల్లోలమైంది. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించేశారు. పాత ఆయుధమే, పిల్లవాణ్ణి వెనక్కి లాక్కోవడం. కాని ఆ ఆయుధం ఈసారి పనిచేయలేదు. బడి మూతపడలేదు. జీతాలూ ఖర్చులూ సముద్రానికి అవతల నుంచి వస్తున్నాయి. కొంతకాలానికి పిల్లలే తిరిగి వచ్చారు. ఊరి పావలా మీద బతకని బడి ఊరికి జవాబు చెప్పనక్కర లేదని అప్పుడే తెలిసింది.

మైసూరు సంస్థానంలో ఇదే మార్పు సర్కారు రూపంలో వచ్చింది. 1868లో బి. ఎల్. రైస్ హోబళి బడుల పథకం తయారు చేశాడు. హోబళికి ఒక బడి ఉండాలి. పాత పల్లె అయ్యవార్లలోంచి కొందరిని ఎంచి, తర్ఫీదు ఇచ్చి, సర్కారు జీతంతో కూర్చోబెట్టాలి. మంచి పనే. అక్షరం దూరంగా ఉన్న పల్లెలకు కూడా చేరింది. అయితే అయ్యవారు ఇప్పుడు ఊరి మనిషి కాదు, సర్కారు మనిషి. నచ్చకపోతే జీతం ఆపడం తండ్రి చేతిలో లేదు. అర్జీ పెట్టుకోవాలి. ఇన్‌స్పెక్టరు రావాలి. ఇంటికీ బడికీ మధ్య మూడో మనిషి వచ్చాడు. ఆ మూడో మనిషి వెనకాలే చట్టం వచ్చింది.

చట్టం ఏమన్నదో చూడండి. భారత శిక్షాస్మృతి 1860లో తయారైంది, 1862 జనవరి 1 నుంచి బ్రిటిషు ఇండియాలో అమలైంది. అందులో 89వ సెక్షన్ ఒకటి. పన్నెండేళ్లలోపు పిల్లల మేలుకోరి, సంరక్షకుడి సమ్మతితో, సద్బుద్ధితో చేసిన పని నేరం కాదని దాని భావం. 88వ సెక్షన్ సమ్మతితో చేసే పనుల గురించి ఇలాంటిదే చెబుతుంది. వైద్యుడు కోత కోస్తే నేరం కాదన్నట్టుగా అన్నమాట. ఈ రెండు సెక్షన్లలో బెత్తం అనే మాట ఎక్కడా లేదు. కాని కోర్టుల్లో బెత్తానికి నీడ దొరికింది ఈ రెండింటి కిందే.

ఈ ఆలోచనకు మూలం ఇంగ్లండులో ఉంది. తండ్రి తన అధికారంలో కొంత భాగాన్ని బడిపంతులుకు అప్పగిస్తాడని పద్దెనిమిదో శతాబ్దంలోనే బ్లాక్‌స్టన్ అనే న్యాయశాస్త్రవేత్త రాశాడు. అంటే మన పల్లె తండ్రి మాటే, తోలు నీ ఇష్టం అన్నదే, లాయరు భాషలో. ఆ అప్పగింత ఎంతదాకా పోతుందో 1860లో ఇంగ్లండులోనే ఒక కేసు చూపించింది. ఈస్ట్‌బోర్న్ అనే ఊళ్లో థామస్ హాప్లే అనే మాస్టరు, చదువు రాని పదిహేనేళ్ల పిల్లవాణ్ణి గట్టిగా దండించాలనుకుంటున్నానని తండ్రికి ఉత్తరం రాశాడు. తండ్రి సరేనన్నాడు. ఆ దెబ్బలకు పిల్లవాడు చనిపోయాడు. మితంగా, న్యాయంగా దండించే హక్కు మాస్టరుకు ఉందిగాని, హద్దు దాటితే తండ్రి సమ్మతి కూడా కాపాడదని కోర్టు తేల్చింది. హాప్లేకు నాలుగేళ్ల కఠిన శిక్ష పడింది. గమనించండి, కోర్టు తప్పుపట్టింది కొట్టడాన్ని కాదు, ఎక్కువ కొట్టడాన్ని.

మన దేశంలోనూ చాలాకాలం అదే బాట. 1940ల చివర బొంబాయి హైకోర్టు ముందుకు, విద్యార్థిని బెత్తంతో కొట్టిన ఉపాధ్యాయుడి కేసు వచ్చింది. పిల్లవాణ్ణి బడికి పంపడంలోనే, బడి క్రమశిక్షణ కోసం న్యాయమైన శిక్షకు తల్లిదండ్రులు సమ్మతించినట్టేనని కోర్టు భావించింది. నోటితో చెప్పనక్కర లేదు, పంపడమే సమ్మతి. 1960ల మొదట్లో మద్రాసు హైకోర్టు కూడా ఉపాధ్యాయుడికి దండించే అధికారం ఉందని, దానికి హద్దు ఉందని ఇదే దారిలో నడిచింది. కాబట్టి ఆ రోజుల్లో తండ్రి ఠాణాకు వెళ్లినా, "నువ్వే కదయ్యా పంపింది" అన్న జవాబు చట్టంలోనే సిద్ధంగా ఉంది.

అసలు ఎక్కువమంది వెళ్లలేదు. ఎందుకు? మన ఇళ్లలో జరిగేది మీకు తెలుసు. బడిలో దెబ్బలు తిన్నానని ఇంట్లో చెబితే, "ఏం చేసినావురా" అని ఇంట్లో ఇంకో రెండు పడేవి. అందుచేత పిల్లలు చెప్పడం మానేశారు. అంత ప్రశాంతంగా ఉన్నదంటే తగాదా లేక కాదు. చెప్పుకునే చోటు లేక.

మార్పు పిల్లవాడి వైపు నుంచి వచ్చింది. 1982లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. స్కాట్లండులో ఇద్దరు తల్లులు, తమ పిల్లల్ని బడిలో తోలుపట్టీతో కొట్టడానికి తాము ఒప్పుకోమని పోరాడి గెలిచారు. "పంపడమే సమ్మతి" అన్న మాటకు అది గట్టి దెబ్బ. పంపుతాం, కాని కొట్టడానికి సమ్మతించం అని తల్లి చెప్పవచ్చునని తేలింది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది. బడిలో క్రమశిక్షణ పిల్లవాడి మర్యాదకు భంగం కలగని రీతిలో ఉండాలని అందులో ఉంది. 1992 డిసెంబరులో భారతదేశం దానిలో చేరింది.

2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు, తల్లిదండ్రుల సంఘం ఒకటి వేసిన కేసులో, బడిలో దెబ్బలకు అనుమతి ఇచ్చే నిబంధనను కొట్టివేసింది. 2002 ఫిబ్రవరి 18న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16వ నంబరు జీవో ఇచ్చి, 1966 నాటి విద్యా నియమావళిలో 122వ నియమాన్ని సవరించి, బడుల్లో దేహదండనను నిషేధించింది. ఆపైన దేశం మొత్తానికీ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు వర్తించే ఆ చట్టంలో 17వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది: ఏ పిల్లవాణ్ణీ శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. చేసినవారి మీద ఉద్యోగ నియమాల ప్రకారం చర్య తీసుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్, తన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తించినవారికి జైలుశిక్ష చెబుతుంది.

చట్టం మారినంత తొందరగా చెయ్యి మారుతుందా? జాతీయ బాలల హక్కుల కమిషన్ 2009–10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగించింది. ఏ శిక్షా ఎరగమని చెప్పినవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది వందలు కాదు, తొమ్మిది.

ఇదీ పోలీసు బడి గుమ్మం దాకా వచ్చిన దారి. వెనకటి తండ్రి చేతిలో పావలా ఉండేది, అది పోయింది. అర్జీ వచ్చింది, అది ఏ బల్ల మీద ఆగిందో తెలియదు. చివరికి చేతిలో మిగిలింది ఫిర్యాదు కాగితం. ఠాణాకు వెళ్లినవాళ్లందరూ కక్షతో వెళ్లరు. చాలామంది అంతకుముందు తట్టిన తలుపులు తెరుచుకోక వెళతారు.

అవతలి పక్షం మాట కూడా వినాలి కదా. ఉపాధ్యాయుల్లోనూ భయం ఉంది. "మందలిస్తే కేసు, మందలించకపోతే పిల్లవాడు చెడిపోయాడని నింద" అంటారు. ఈ భయాన్ని కోర్టులు పట్టించుకోలేదని అనలేం. జైపూరులో ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నప్పుడు, మందలించిన ఉపాధ్యాయుడి మీద తల్లి ఫిర్యాదు చేసింది. ఆ కేసును 2021 అక్టోబరు 5న సుప్రీంకోర్టు కొట్టివేసింది. క్రమశిక్షణ కోసం మందలించినంత మాత్రాన ఆత్మహత్యకు ప్రేరేపించినట్టు కాదని చెప్పింది. 2025 మార్చిలో కేరళ హైకోర్టు, ఉపాధ్యాయుల మీద ఫిర్యాదు వస్తే అరెస్టుకు ముందు ప్రాథమిక విచారణ జరగాలన్న అభిప్రాయం వెలిబుచ్చింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక కూడా, పాత 88, 89 సెక్షన్లు 26, 27 నంబర్లతో కొనసాగుతున్నాయి. కాబట్టి వాదం ముగియలేదు. మరో మాట. కోపంతో బడిలోకి చొరబడి అయ్యవారి మీద చెయ్యి చేసుకుంటే, సర్కారు ఉద్యోగి మీద దౌర్జన్యం కింద కేసు తండ్రి మీదికి తిరుగుతుంది. న్యాయం తన వైపు ఉన్నవాడు కూడా ఆ ఒక్క చెంపదెబ్బతో ముద్దాయి అవుతాడు.

ఇక పోలీసు బడిలోకి వస్తే పిల్లవాడికి ఏమవుతుంది? దీనికి మన కర్ణాటకలోనే, తెలంగాణ సరిహద్దు దగ్గర బీదరులో, ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అక్కడ తగాదా ఇంటికీ బడికీ మధ్య కాదు, ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు. 2020 జనవరిలో ఒక బడి పిల్లలు పౌరసత్వ చట్టం మీద నాటిక వేశారు. బయటివారి ఫిర్యాదు మీద రాజద్రోహం కేసు పెట్టి, ప్రధానోపాధ్యాయురాలినీ, ఒక విద్యార్థిని తల్లినీ అరెస్టు చేశారు. పిల్లల్ని పోలీసులు మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. యూనిఫారంలో, ఆయుధంతో పిల్లల్ని ప్రశ్నించడం బాలల న్యాయ చట్టానికి విరుద్ధంగా కనిపిస్తున్నదని 2021 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు చెప్పింది. 2023 జూన్‌లో కేసునే కొట్టివేసింది. న్యాయం దొరికింది. కాని నాటికలో మాట అప్పజెప్పిన పిల్లకు, తన మాట వల్ల అమ్మ జైలుకు పోయిందన్న తలంపు ఏ తీర్పుతో పోతుంది?

ఈ ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, ఫిర్యాదు న్యాయమైనదైనా కాకపోయినా, పోలీసు వచ్చాక పిల్లవాడు సాక్షి అవుతాడు. వాడి వీపు మీది వాత ఒక ఆధారం అవుతుంది. ఎవరు కొట్టారు, ఎన్ని కొట్టారు అని పదిమంది అడుగుతారు. మర్నాడు వాడు అదే బడికి, అదే తరగతికి వెళ్లాలి. అందువల్లనే పిల్లలతో మాట్లాడే పోలీసు మామూలు దుస్తుల్లో ఉండాలని నియమాలు పెట్టారు. ప్రతి ఠాణాలోనూ ఇందుకు ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలని చట్టం చెబుతుంది. ఠాణాకు వెళ్లేవాళ్లు మొదట అడగవలసింది ఆ అధికారి కోసం.

మరి ఠాణాకు వెళ్లాలా వద్దా? ఒక తేడా గుర్తుపెట్టుకుందాం. ఎముక విరిగినా, రక్తం కారినా, ఆడపిల్ల మీదగాని మగపిల్లవాడి మీదగాని లైంగికమైన దుశ్చర్య జరిగినా, కులం పేరుతో అవమానించినా, అది పంచాయితీలో తేల్చే విషయం కాదు. పరువు పోతుందని ఊరి పెద్దలు సర్దిచెప్పినా వినవద్దు. లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసి కూడా చెప్పకపోవడమే నేరం. బడివాళ్లకూ అది వర్తిస్తుంది. వెంటనే 1098కి ఫోను చేయవచ్చు. అది పిల్లల సహాయవాణి. నేరం జరిగినట్టు తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. రాసుకోవడం పోలీసుల విధి అని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

సరిహద్దు పల్లెవాళ్లకు ఇంకో రెండు సంగతులు. మన పిల్లలు పావగడలోనే చదవరు. మడకశిర, హిందూపురం హాస్టళ్లలోనూ ఉంటారు. "అది ఆంధ్ర కేసు, మాది కాదు" అని ఇటువాళ్లు, "మీది కర్ణాటక" అని అటువాళ్లు తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చునని 2024 జూలై నుంచి అమలైన నాగరిక సురక్షా సంహిత చెబుతుంది. రెండోది భాష. తల్లి తెలుగులో చెబుతుంది, కాగితం కన్నడంలో తయారవుతుంది. చెప్పినది రాశాక ఆమెకు చదివి వినిపించాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేయవద్దు. "నాకు తెలుగులో చెప్పండి సార్" అని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇక మిగిలినవి, నిజానికి ఎక్కువ భాగం తగాదాలు. రెండు దెబ్బలు, ఒక పరుషమైన మాట, ఫీజు కట్టలేదని తరగతి బయట నిలబెట్టడం, టి.సి. ఇవ్వకుండా తిప్పడం. వీటికి ఠాణా కంటే ముందు తలుపులున్నాయి. టి.సి. వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. ఇవ్వకపోతే అడగవలసింది విద్యాశాఖను. కర్ణాటకలో ఫీజు తగాదాలు వినడానికి జిల్లాధికారి అధ్యక్షతన ఒక ప్రాధికారం ఉంది. అన్నిటికంటే దగ్గరిది బడిలోనే ఉన్న కమిటీ. కర్ణాటకలో 2001 ఏప్రిల్ 28 నాటి ఉత్తర్వుతో శాలాభివృద్ధి కమిటీలు వచ్చాయి. మనవాళ్లు ఎస్.డి.ఎం.సి. అనే పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే తల్లిదండ్రుల భాగస్వామ్యానికి చట్టం చేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి.

ఇది మామూలు విషయం కాదు శ్రోతలారా. వెనకటి తండ్రి చేతిలోంచి జారిపోయిన పావలా ఇది. అంతకంటే మేలైనది కూడా. ఎందుకంటే పావలా లేనివాడికీ, అరుగు ఎక్కనివ్వనివాడికీ కూడా ఈ కమిటీలో కుర్చీ ఉంది. కాని ఎన్ని ఊళ్లలో ఈ కమిటీ రంగుల పని గురించి, మధ్యాహ్న భోజనం బియ్యం గురించి తప్ప పిల్లవాడి వీపు గురించి మాట్లాడుతుంది? ఎంతమంది తల్లులు సంతకం పెట్టడానికి తప్ప నోరు విప్పడానికి ఆ గదిలోకి వెళ్లారు? కుర్చీ ఖాళీగా ఉంటే జీపు వస్తుంది. ఇంతే సంగతి.

అయ్యవార్లకూ ఒక మనవి. తల్లి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆమెను నిలబెట్టి మాట్లాడకండి. కూర్చోమనండి. తప్పు జరిగితే, జరిగిందని పిల్లవాడి ఎదుట ఒప్పుకోండి. ఒక కుర్చీ, ఒక మంచి మాట ఎన్ని కేసుల్ని ఆపగలవో లెక్కపెట్టినవారు లేరుగాని, ఊళ్లలో బతికినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

మొదట చెప్పుకున్న మాట దగ్గరికి వద్దాం. కండ్లు నాకు, తోలు నీకు అని తండ్రీ అయ్యవారూ పంచుకున్నారు. రెండు వందల ఏళ్ల వాదం తరవాత, ఇన్ని తీర్పులూ ఇన్ని సెక్షన్లూ అయ్యాక, చట్టం చెప్పినది చిన్న మాటే. తోలు అయ్యవారిది కాదు. కండ్లు నాయనవీ కావు. రెండూ ఆ బిడ్డవే. ఈ మాట ఇంట్లోనూ బడిలోనూ ఒప్పుకున్న నాడు ఠాణాదాకా పోవలసిన పని చాలావరకు తగ్గుతుంది. ఒప్పుకోని చోట ఆ బిడ్డ తరపున ఎవరో ఒకరు ఠాణా మెట్లు ఎక్కక తప్పదు. ఎక్కినవాళ్లను తప్పుపట్టే ముందు, మెట్లదాకా వచ్చేలోపు వాళ్లు ఎన్ని తలుపులు తట్టారో అడుగుదాం.